రేపు లేని చీటీ

పదకొండుకు ఆదోని యార్డులో
చీటీల పెట్టె మూత పడుతుంది.
అంతకు ముందు ముగ్గురు షావుకార్లూ
ఒకరి మొహం ఒకరు చూసుకోరు.
చూసుకుంటే నవ్వొస్తుందని.

నేను చీటీ రాసేవాణ్ణి.
పంతొమ్మిదేళ్లుగా వీరభద్రప్ప జిన్నింగు మిల్లుకు
నా చేతిరాతే ధర.

గుట్టలోంచి గుప్పెడు పత్తి తీసి
పోగు లాగి, గింజ కొరికి చూస్తే
రెండు వేల మూడొందలు చేస్తుందని
నా పంటికి తెలుసు.
చీటీ మీద మాత్రం పంతొమ్మిదొందల నలభై.
పారస్‌మల్ చీటీలో ముప్పై ఐదు,
దస్తగిరి సాబ్‌ దాంట్లో ఇరవై.
ఈ పొద్దు లాటు మాది. రేపు వరస మారుతుంది.
యాడా రాసుకున్నది లేదు.
స్టేషన్ రోడ్డులో ఉగ్గాణి తింటా
బజ్జీలోని మిరపకాయను పక్కన పెట్టినట్టు
పోటీని పక్కన పెట్టి లేచినారు, అంతే.

"ఎవరన్నా మాట తప్పితే?" అని
కొత్తలో ఒకసారి అడిగినా.
వీరభద్రప్ప తువ్వాల దులిపి భుజానేసుకున్నాడు.
"తప్పినోనికి ఆ పొద్దు లాభం.
మర్నాటి నుంచి ముగ్గురి నోట్లోనూ మన్ను.
రేపనేది ఉన్నన్నాళ్లూ ఎవడూ తప్పడప్పా."

తప్పినాడు ఒకసారి పారస్‌మల్.
దీపావళి ముందర, లారీ నింపే తొందరలో
యాభై ఎక్కువ రాసినాడు.
పదకొండు దినాలు కొట్లాడుకున్నారు.
ధర రెండు వేలు దాటింది, రెండొందలూ దాటింది.
కౌతాళం బండ్లు, హొళగుంద ట్రాక్టర్లు
గేటు బయట మైలు పొడవున.
ఇప్పటికీ ఆ పల్లెల్లో బిడ్డల వయసు లెక్కేస్తారు,
"సేట్లు కొట్లాడుకున్న యేడు పుట్టింది మా పాప" అని.

పన్నెండో దినం మళ్లీ ఉగ్గాణి.

ఈ మాఘంలో ఒక రాత్రి
దస్తగిరి సాబ్ మిల్లు ముందర నుంచి వస్తా ఉంటే
కిరసనాయిలు వాసన.
బేళ్ల ప్రెస్సు బోల్టులన్నీ నానుతున్నాయి.
బిగించేవాడు బోల్టు నానబెట్టడు.
వాచ్‌మన్‌ను అడిగితే
"బళ్లారోళ్లు వచ్చి చూసిపోయిరి" అని నాలుక కరుచుకున్నాడు.

మిల్లు అమ్ముతున్నాడు సాబ్.
కోయంబత్తూరుకు బాకీ ఉన్న బేళ్లు పంపేసి
తాళం ఇచ్చేస్తాడు.
ఆయనకింక రేపు లేదు.
రేపు లేనోనికి ఎవరంటే భయం?

ఈ సంగతి నా షావుకారు చెవిన వేస్తే
ఆయన తెల్లారి ముందుగా తప్పుతాడు.
పారస్‌మల్‌కు ఉప్పందితే
వాడు అంతకన్నా ముందు.
ఎల్లుండి కూలే గోడ, ఆ సంగతి తెలిసిన పొద్దే కూలుతుంది.

చెప్పలేదు.
ఎందుకంటే సరైన జవాబు నా దగ్గర లేదు.
జీతం మాటెత్తినప్పుడల్లా
"వచ్చే సీజనుకు చూద్దాం లే" అని
పంతొమ్మిది రేపులు మింగినందుకేమో.
అందరి కంటే తెలివిగా ఆట ఆడే చాన్సు
గుమాస్తాకు ఒక్కసారే వస్తుందనేమో.

పొద్దున మామూలుగా రాసినా, పంతొమ్మిదొందల నలభై.
పెట్టె తెరిచినారు.
పెద్దహరివాణం హుస్సేనప్ప లాటు,
దస్తగిరి సాబ్, రెండు వేల మూడొందల పది.

షెడ్డు రేకుల మీద పావురాలు నడిచేది వినపడింది.
హుస్సేనప్ప నమ్మలేక
"ఇంగోసారి సదువు సామీ, కండ్లద్దాలు పెట్టుకోని" అన్నాడు.
వీరభద్రప్ప నా తట్టు చూసినాడు.
నేను కలం మూత వెతుక్కుంటా ఉండినా.
అది నా చేతిలోనే ఉంది.

ఐదు దినాలు నడిచింది ఆ ధర.
అప్పటికి యార్డులో ఎన్ని గుట్టలు మిగిలినాయని?
మంచి పత్తంతా మార్గశిరంలోనే
పంతొమ్మిదొందల నలభైకి పోయింది.

ఇప్పుడు పెట్టెలో రెండే చీటీలు.
స్టేషన్ రోడ్డులో రెండే ప్లేట్లు.
ముగ్గురి కంటే ఇద్దరికి
మాట నిలుపుకోవడం ఇంకా సులువు.

నేను మాత్రం రాత్రి ఇంటికి పోయేటప్పుడు
ఒక సందు చుట్టు తిరిగి
పారస్‌మల్ ప్రెస్సు దగ్గర ఆగుతా,
మా మిల్లు ప్రెస్సు దగ్గరా ఆగుతా,
బోల్టు మీద వేలు రాసి
వాసన చూసుకుంటా.